అప్‌డేట్: సోడియం బీటా అల్యూమినా బిళ్లలో వాహకత ఎందుకు తగ్గిందో తెలిసింది

పొడిని అచ్చులో నొక్కి కాల్చిన సోడియం బీటా అల్యూమినా (సోడియం అయాన్లు కదలగల ఒక సిరామిక్) బిళ్లలో అయాన్ వాహకత, అంటే అయాన్లు విద్యుత్తును మోసే సామర్థ్యం, ఏకస్ఫటికంలో (రేణువులు లేని ఒకే స్ఫటికంలో) కంటే బాగా తక్కువగా వస్తోందని ఇదివరకు అడిగాను. మీలో ఒకరు సూచించినట్లు నొక్కిన దిశలోనూ, దానికి అడ్డంగానూ ముక్కలు కోసి కొలిస్తే, అడ్డంగా కొలిచినప్పుడు వాహకత స్పష్టంగా పెరిగింది. ఈ పదార్థంలో సోడియం అయాన్లు దట్టమైన అల్యూమినా పొరల నడుమనున్న పలుచని తలాల్లోనే కదులుతాయి కనుక, పలకల్లాంటి రేణువులు ఒత్తిడికి ఒకే తీరున పరుచుకోగానే ఆ దారులన్నీ నొక్కిన దిశలో ఇచ్చిన విద్యుత్ క్షేత్రానికి అడ్డం తిరిగాయి. వేర్వేరు ఫ్రీక్వెన్సీల ఏసీ విద్యుత్తుకు బిళ్ల చూపే అడ్డంకిని తెలిపే ఇంపిడెన్స్ గ్రాఫ్‌లోని రెండో అర్ధవృత్తం రేణువుల సరిహద్దుల దగ్గరి నిరోధానిదే. నన్ను ఎక్కువగా తికమకపెట్టిన, తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర నిటారుగా లేచే తోక నిజానికి మంచి సూచనే: బంగారు ఎలక్ట్రోడ్ దగ్గర ఆవేశం ఆగిపోతోందంటే, దాన్ని మోస్తున్నవి ప్రధానంగా అయాన్లే, ఎలక్ట్రాన్లు కావు.