పొటాషియం కలిపిన ఉప్పు రేషన్ షాపుల్లో ఇవ్వాలా?

పల్లె_ఆరోగ్యం:
ఇవ్వాలనే అంటాను. చైనాలో 600 ఊళ్ళలో దాదాపు 21 వేల మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. అందరూ పక్షవాతం వచ్చినవాళ్ళు, లేదా 60 దాటి బీపీ అదుపులో లేనివాళ్ళు. సగం ఊళ్ళకు 75 పాళ్ళు సోడియం క్లోరైడ్, 25 పాళ్ళు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు ఇచ్చారు. ఐదేళ్ళు తిరక్కుండానే పక్షవాతాలు 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి. మన సిద్దిపేట పల్లెల్లో 502 మంది బీపీ రోగులతో చేసిన ట్రయల్లో, 30 శాతం పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవాళ్ళకు, మామూలు ఉప్పు వాడినవాళ్ళకన్నా మూడు నెలల్లో పై బీపీ 4.6 పాయింట్లు ఎక్కువగా దిగింది. వంట మార్చక్కర్లేదు, ఉప్పు డబ్బా మారిస్తే చాలు.

డయాలసిస్_గది:
మరి శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం సంగతేంటి? చైనా ట్రయల్లో తీవ్రమైన కిడ్నీ జబ్బున్నవాళ్ళను ముందే పక్కన పెట్టారు. అందరికీ రక్తంలో పొటాషియం చూడనూ లేదు. తర్వాత అక్కడి వృద్ధాశ్రమాల ట్రయల్లో చూస్తే, పొటాషియం పెరిగినవాళ్ళు ఎక్కువే తేలారు. దానివల్ల హాని మాత్రం కనబడలేదు, ఆ మాటా చెప్పాలి. కానీ ఉద్దానంలోని కవిటి, సోంపేట వైపు బీపీ, షుగరు లేకుండానే కిడ్నీలు దెబ్బతింటున్నాయి. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) చేయించుకునేదాకా తెలియదు.

లెక్క చూడండి. రోజుకు 8 గ్రాముల ఉప్పు తింటే, 30 శాతం చొప్పున 2.4 గ్రాముల పొటాషియం క్లోరైడ్. అందులో పొటాషియం సుమారు 1.25 గ్రాములు. కొబ్బరినీళ్ళు దానికి అదనం. పాడైన కిడ్నీ దాన్ని బయటికి నెట్టలేదు. రక్తంలో పొటాషియం లీటరుకు 6 మిల్లీమోల్స్ దాటితే ఏ నొప్పీ లేకుండానే గుండె లయ తప్పొచ్చు.

మందుల_చీటీ:
స్పైరనోలాక్టోన్ (ఒంట్లో పొటాషియాన్ని నిలిపే మాత్ర) వాడేవాళ్ళకు ఈ ఉప్పు వద్దే వద్దు. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు కూడా పొటాషియాన్ని నిలబెడతాయి. వీటిని వాడేవాళ్ళకు ముందు క్రియాటినిన్, పొటాషియం చూడాలి, రెండు వారాలకు మళ్ళీ చూడాలి. పొటాషియం 5.5 దాటితే ఈ ఉప్పు ఆపేయాలి.

పీహెచ్‌సీల్లో జరిగే పొరపాటు ఇంకోటుంది. పట్టీ బిగించి, పిడికిలి మూసి తెరవమని రక్తం తీసి, ఆ ట్యూబును గంటలకొద్దీ అలాగే ఉంచేస్తే కణాల్లోని పొటాషియం బయటికొచ్చి లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. మళ్ళీ సరిగ్గా తీసి నిర్ధారించుకోవాలి.

వంటిల్లు_12:
సైంధవ లవణాన్ని ఈ ఉప్పనుకోకండి. అదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే, పైగా చాలావాటిలో అయోడిన్ కలపరు. ఆవకాయలో పడిన కల్లుప్పు లెక్క కూడా వేరే. డబ్బా మార్చినా అది తగ్గదు.

పల్లె_ఆరోగ్యం:
సరే, అందరికీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో గర్భిణులను, పిల్లలను, కిడ్నీ జబ్బున్నవాళ్ళను మినహాయించే ఈ ఉప్పును సూచించింది. ఉద్దానం మండలాలు వదిలేసి, బీపీ రిజిస్టర్లో ఉన్నవాళ్ళకు పరీక్ష చేసి ఇద్దాం.

డయాలసిస్_గది:
మాత్రయితే ఒక్కరే మింగుతారు. కూరలో పడిన ఉప్పు ఇంటిల్లిపాదీ తింటారు. పరీక్ష ఆ రోగితో ఆపకండి, ఆ ఇంట్లో పెద్దలందరికీ క్రియాటినిన్ చూశాకే ప్యాకెట్ ఇవ్వండి. గర్భిణో, పసిపిల్లలో ఉన్న ఇంటికి ఇవ్వనే వద్దు.