షుగర్ వచ్చినాక ఈ సమస్య, ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది అనంతపురం, టవర్ క్లాక్ దగ్గర అంగడి. వయసు 44, షుగర్ వచ్చి ఆరేండ్లు. ఏడాదిగా అంగస్తంభన సరిగా లేదు, తెల్లవారుజామున కూడా రావడం లేదు. గోడమీద పోస్టరు చూసి లేహ్యానికి ఎనిమిది వేలు పోసినా. బెల్లం పాకం రుచి తప్ప ఏమీ లేదు. ఇంట్లో ఆమె అడగదు, నేను చెప్పను. ఏం చేయాలన్నా?

జవాబు: తమ్ముడూ, కడపలో నాదీ ఇదే కథ. నిద్రలో కూడా రావట్లేదంటే ఒక్క టెన్షన్ వల్లే కాకపోవచ్చు. షుగర్ నరాలనూ రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. అక్కడి నాళాలు గుండె నాళాలకన్నా సన్నం, అందుకే తేడా ముందు అక్కడ తెలుస్తుంది. డాక్టరు నాకు మూడు నెలల సగటు షుగర్ (HbA1c), కొలెస్ట్రాల్, టెస్టోస్టిరాన్, ఈసీజీ రాసినాడు. ఆ మూడు నెలల షుగర్ 9.4 శాతం ఉండె! సిగరెట్ మాన్పించి, ఆ తర్వాతే స్తంభనకు సిల్డెనాఫిల్ 50 మిల్లీగ్రాముల మాత్ర ఇచ్చినాడు. గంట ముందు వేసుకోవాలి. మొదటిసారి సంగటి, మటన్ దండిగా తిని వేసుకున్నా. ఎంతకీ పనిచేయకపోతే డాక్టరును తిట్టుకున్నా. కొవ్వు తిండితో ఆలస్యమవుతుందంట.

ఇంకో జవాబు: గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలు వాడేవాళ్లు మాత్రం సిల్డెనాఫిల్ జోలికి పోవద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

అడిగినాయన: గుండె మాత్రలు లేవన్నా. సోమవారం పోతా. రాత్రి ఆమెకూ చెప్పినా. "షుగర్ చీటీలు మర్చిపోవద్దు" అనింది, అంతే.