ఆమె తన జుట్టుకే ముడులు ఎందుకు వేసింది?

వరంగల్_పిల్ల:
ఫైన్ ఆర్ట్స్ రెండో ఏడాది చదువుతున్నాను. క్లాసులో దక్షిణాఫ్రికా కళాకారిణి ట్రేసీ రోజ్ తానే కూర్చుని చేసిన ‘స్పాన్ 2’ అనే కళా ప్రదర్శన ఫొటో చూపించారు. 1997, కేప్‌టౌన్. గుండుతో, ఒంటి మీద నూలుపోగు లేకుండా, గాజు పెట్టెలో టీవీ మీద కూర్చుంది. కొరిగేసిన తన జుట్టులోంచే పోగులు తీసి ముడులు వేస్తోంది. రెండు రోజులుగా ఆ ఫొటో నన్ను వదలట్లేదు. మన ఇళ్లలో ఆడవాళ్లకి గుండు అంటే మొక్కు, లేదంటే వైధవ్యం. ఇది రెండూ కాదు. సెమినార్‌లో దీని మీదే మాట్లాడాలి, టెన్షన్‌గా ఉంది. ఆ ముడులేమిటి?

జోబర్గ్_అక్క:
ముందు పెన్సిల్ సంగతి తెలుసుకోమ్మా. ఇక్కడ దక్షిణాఫ్రికాలో 1950 చట్టంతో మనుషుల్ని జాతుల వారీగా రాసేశారు. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ దూర్చేవాళ్లు. జారి పడితే తెల్లవాళ్ల లెక్క, చిక్కుకుంటే కాదు. బడి, ఇల్లు, పెళ్లి అన్నీ ఆ లెక్క ప్రకారమే. ట్రేసీ 1974లో డర్బన్‌లో పుట్టింది. ప్రభుత్వం ‘కలర్డ్’, అంటే మిశ్రమ జాతి, అని ముద్ర వేసిన వాళ్లలో జుట్టు రింగులు తిరిగితే ‘క్రూస్’ అని చిన్నచూపు. సాఫీగా ఉంటే నువ్వు నల్లదానివే కాదు పొమ్మంటారు. మా పక్కింటి పెద్దావిడ చెప్పింది, చిన్నప్పుడు రాత్రిళ్లు వాళ్లమ్మ పాత నైలాన్ మేజోడు కోసి తలకి బిగించి కట్టేదట, పొద్దున్నకి జుట్టు అణిగి ఉండాలని. నుదుటి మీద గీత పడేదని వేలితో గీసి చూపించింది. డెబ్బై దాటినా ఆ గీత ఎక్కడ పడేదో మర్చిపోలేదు.

బొమ్మల_మాస్టారు:
ముడుల్ని ట్రేసీయే తన చిన్ననాటి జపమాల పూసలతో పోల్చింది. చేతిపనిలో ఉండే బలం అని కూడా అంది. గాజు పెట్టెని వదిలేయకండి. 1810లో సారా బార్ట్‌మన్ అనే ఆఫ్రికన్ స్త్రీని దక్షిణాఫ్రికా నుంచి లండన్ తీసుకెళ్లి జనానికి ప్రదర్శనగా పెట్టారు. 1815లో చనిపోయాక కూడా పారిస్ మ్యూజియంలో ఆమె అస్థిపంజరాన్ని నిలబెట్టారు. 2002లో గానీ సొంత నేలకి చేరలేదు. ట్రేసీ మాత్రం గాజు పెట్టెలోకి తనంతట తాను వెళ్లి, అందులో పని చేసుకుంటూ కూర్చుంది. నాకు అన్నిటికంటే పెద్ద సంగతి అదే.

వరంగల్_పిల్ల:
అక్కా, మాస్టారూ, చాలా థాంక్స్. రాత్రి దువ్వెనలో చిక్కిన నా వెంట్రుక తీసి ముడి వేసి చూశాను. నాది తిన్నటి జుట్టు, వేళ్ల మధ్య నిలవదు, వేసిన ముడి విడిపోతోంది. పది ముడులకి పావుగంట పట్టింది. కళ్లు లాగాయి. ఆ పదింటినీ తెల్ల కాగితానికి అంటించాను, సెమినార్‌కి తీసుకెళ్తాను.