ఏడు రోజులు, రోజుకో మారథాన్: కారులో వెంట వెళ్ళే స్నేహితులు ఏం చేయాలి?

కృష్ణలంక కుర్రాడు
మా ఫ్రెండ్స్ ముగ్గురు జనవరి చివర్లో ఎల్బీ నగర్ నుంచి విజయవాడ దాకా పరిగెడుతున్నారు. క్యాన్సర్ ఉన్న పిల్లల వైద్యానికి విరాళాలు పోగుచేయడం కోసం. 65వ నంబరు హైవే మీద రోజుకు 42 కిలోమీటర్లు, చివరి రోజు మాత్రం తక్కువ. నేనూ ఇంకో ఫ్రెండూ కారులో వెంట ఉంటాం. ఒక్కరోజు మారథాన్‌లో నీళ్ళందించడం తెలుసు కానీ, వరసగా ఇన్ని రోజులంటే టెన్షన్‌గా ఉంది. ఇలా వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

సూర్యాపేట రన్నర్
చాలా మంచి పని అన్నా. అదే రోడ్డు మీద మా వాళ్ళ వెంట వెళ్ళాను కాబట్టి చెబుతున్నా.

పొద్దున నాలుగున్నరకల్లా మొదలుపెట్టించండి. జనవరైనా పది దాటితే ఆ తారురోడ్డు మీద ఎండ తగులుతుంది. రిఫ్లెక్టర్ జాకెట్, తలకు లైటు లేకుండా చీకట్లో ఎవర్నీ రోడ్డెక్కనివ్వద్దు. ఎదురొచ్చే బండ్లు కనపడేలా కుడివైపు పరిగెత్తాలని అంటారు. మామూలు రోడ్డుకు అది సరే. ఇక్కడ మధ్యలో డివైడర్ ఉంది, వాళ్ళు అటు పక్క, కారు ఇటు పక్క అయిపోతుంది. అందుకే మేము ఎడమ అంచునే పరిగెత్తించి, వెనకాల ఒకరిని మెరిసే లైటుతో సైకిల్ మీద పెట్టాం. సర్వీస్ రోడ్డు ఉన్నచోటల్లా అందులోకి దింపేశాం.

కారు వాళ్ళ పక్కనే మెల్లగా నడపకండి. పొగ వాళ్ళకి, అడ్డం లారీలకి. నాలుగు కిలోమీటర్లు ముందుకెళ్ళి, రోడ్డు దిగి ఆపి, డిక్కీ తెరిచి ఉంచండి.

ముఖ్యమైనది ఇంకోటి. ‘ఏం కావాలి?’ అని అడగద్దు. మూడో రోజు నుంచి ఏం అడిగినా ‘ఏమీ వద్దు’ అంటారు. ఉప్పు చల్లిన ఉడకబెట్టిన ఆలుగడ్డ ముక్కలు, సగం అరటిపండు, నీళ్ళ సీసా చేతిలో పెట్టేయండి. వద్దన్న మనిషే రెండడుగులు వేసి తింటాడు. ఎవరు ఎక్కడ ఏం తిన్నారో నోట్‌బుక్‌లో రాయండి, గుర్తుంటుందిలే అనుకోవద్దు.

కృష్ణలంక కుర్రాడు
సైకిల్ సంగతి మాకు తట్టనే లేదు. థాంక్స్ అన్నా. నొప్పుల మాత్రలు, ఓఆర్‌ఎస్ ఎంత పెట్టుకోవాలి?

నల్గొండ సిస్టర్
నేను స్టాఫ్ నర్సుని, ఇలాంటి పరుగులకు మెడికల్ సాయంగా వెళ్తుంటాను. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి పరుగు మధ్యలో అస్సలు ఇవ్వకండి. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. మూత్రం డికాక్షన్ రంగులోకి వచ్చిందంటే ఆ మనిషి పరుగు ఆగినట్టే, నేరుగా ఆసుపత్రికి.

పొద్దున మొదలుపెట్టే ముందు, ఆపగానే బరువు చూడండి. కొద్దిగా తగ్గడం మామూలే. పెరిగితేనే భయపడాలి. వట్టి నీళ్ళు ఎక్కువ తాగేస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, మాట తడబడటం ఉంటే ఇంకా నీళ్ళు పట్టకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఓఆర్‌ఎస్ పొడి లీటరు ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలోనే కలపాలి. డబ్బాల్లో తియ్యగా దొరికేవన్నీ ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడింది దీని మీదే. 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకులకు ఆ పేరు వాడకూడదంది.

సాయంత్రం పాదాలు మీరే చూడాలి, వాళ్ళు చూసుకోరు. కడిగి, బాగా ఆరాక, వేలు వేలుకీ మధ్య లైటు వేసి చూడండి. ఎర్రగా కందిన చోట పొక్కు లేవకముందే పేపర్ టేపు వేయండి. నొప్పిపెట్టే పొక్కుకి స్టెరైల్ సూదితో అంచున చిన్న కన్నం పెట్టి నీరు తీసేయండి. పైచర్మం మాత్రం పీకద్దు.

టొరంటో శ్రీకాకుళం
కారులో ఇద్దరే అన్నారు కదా, మూడో మనిషిని పెట్టుకోండి. 1980లో టెర్రీ ఫాక్స్ ఒంటికాలితో, కృత్రిమ కాలు పెట్టుకుని, క్యాన్సర్ పరిశోధన కోసం కెనడా తూర్పు తీరం నుంచి పరుగు మొదలుపెట్టాడు, ఇంచుమించు రోజుకో మారథాన్. వ్యాన్ నడిపింది, వంట చేసింది అతని ప్రాణస్నేహితుడు డగ్ ఆల్వర్డ్. మొదటి వారాల్లోనే ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. తమ్ముడు డారెల్ వచ్చి చేరాక గానీ ఆ వ్యాన్‌లో వాతావరణం తేలికపడలేదు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకి థండర్ బే దగ్గర ఆగే సరికి 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వచ్చారు. అంత స్నేహమే అలా అయినప్పుడు, మీ మధ్య ఐదో రోజు మాటామాటా వస్తే మనసులో పెట్టుకోకండి. నిద్ర లేకపోతే ఎవరైనా అంతే.

గుంటూరు ఆడిటర్
డబ్బు విషయం. క్యూఆర్ కోడ్ విరాళాలు అందుకునే సంస్థ ఖాతాదే పెట్టండి, పరిగెత్తేవాళ్ళ సొంత యూపీఐ వద్దు. దారిలో టీ కొట్టు దగ్గర జనం నోట్లు చేతిలో పెడతారు, వద్దంటే నొచ్చుకుంటారు కూడా. సంస్థ రసీదు పుస్తకం కారులో ఉండాలి. విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు అడిగేవాళ్ళకి, 2,000 రూపాయలు దాటితే నగదు పనికిరాదని అప్పుడే చెప్పేయండి.

కృష్ణలంక కుర్రాడు
అందరికీ నమస్కారాలండీ. మూడో మనిషిగా మా బావ వస్తానన్నాడు. ఒక్కటే తేలలేదు. ఎవరైనా ఆగాల్సి వస్తే చెప్పేదెవరు?

నల్గొండ సిస్టర్
పరిగెత్తేవాళ్ళు మాత్రం కాదు. మీ ముగ్గురిలో ఒకరి పేరు బయల్దేరే ముందే అనుకుని, వాళ్ళ ముగ్గురితో సరే అనిపించుకోండి. ఇంట్లోవాళ్ళకి కూడా ఆ పేరు చెప్పండి.

సూర్యాపేట రన్నర్
సూర్యాపేట చేరే రోజు ముందుగా చెప్పండి. రాత్రికి మా ఇంట్లోనే ఉందురు, వేడినీళ్ళు, పప్పన్నం రెడీగా ఉంటాయి. మర్నాడు కోదాడ దాకా సైకిల్ మీద నేనొస్తా.