మెరీనాకు చోటు మ్యాప్ చూసి ఖాయం చేయొచ్చా?

లంగరు:
పడవలు, యాట్‌లు కట్టేసుకునే మెరీనాకు తీరంలో ఏ చోటు బాగుంటుందో తేల్చడానికి జీఐఎస్ (రకరకాల సమాచారాన్ని మ్యాప్ మీద పొరలుగా పేర్చి చూసే కంప్యూటర్ పద్ధతి) వాడటం ఇప్పుడు మామూలైపోయింది. నీటి లోతు, అలల ఎత్తు, నేల వాలు, రోడ్డుకు దూరం, రక్షిత ప్రాంతాలు... ఒక్కోదానికి ఒక్కో లేయర్, ఒక్కో లేయర్‌కి ఇంత అని వెయిటేజీ. అన్నీ కలిపితే ఎరుపు నుంచి ఆకుపచ్చ దాకా రంగులద్దిన మ్యాప్ వస్తుంది. పచ్చగా ఉన్న చోట కట్టుకోవచ్చు. ఎవరి భూమికి రేటు పెరగాలో చూసుకుని చోటు ఎంచుకోవడం కంటే ఇది ఎంతో నయమని నా వాదన. లెక్క అందరి ముందూ ఉంటుంది, అనుమానం ఉన్నవాళ్లు మళ్లీ వేసి చూసుకోవచ్చు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఇసుకలెక్క:
లెక్క అందరి ముందూ ఉంటుందన్న మాట దగ్గరే నా అభ్యంతరం, లంగరు గారూ. ముందు కనిపించేది కూడిక మాత్రమే. అసలు నిర్ణయం వెయిటేజీల్లో జరిగిపోతుంది. ఉదాహరణకి లోతుకు 30 మార్కులు, రోడ్డుకు 25, పగడపు దిబ్బలకు 10, మిగతావాటికి 35 ఇచ్చారనుకోండి. సరిగ్గా దిబ్బ మీదే పడిన చోటుకి ఆ పదీ పోతాయి, అంతే. మిగతావన్నీ బాగుంటే 90 మార్కులతో దర్జాగా పాసైపోతుంది.

పొరలపటం:
అది చేసేవాళ్ల తప్పు, పద్ధతిది కాదండి. పగడపు దిబ్బలు, మడ అడవులు, సముద్రపు గడ్డి, నీటి అడుగున కేబుళ్లు వెళ్లే దారులు, ఇలాంటివి మార్కుల్లోకి రానే రాకూడదు. ముందే కొట్టేయాలి. మిగిలిన తీరానికే వెయిటేజీ. అది కూడా నోటికొచ్చింది వేయరు. థామస్ సాటీ 1970లలో తయారుచేసిన ఏహెచ్‌పీ పద్ధతిలో రెండేసి అంశాలను పోల్చి, దేనికి ఎంత ప్రాధాన్యమో నిపుణులను అడుగుతారు. జవాబులు ఒకదానికొకటి పొసగుతున్నాయో లేదో తెలియడానికి ఒక నిష్పత్తి ఉంది. అది 0.10 దాటితే మళ్లీ అడగాలి.

ఇసుకలెక్క:
ఆ 0.10 చెప్పేది మనిషి తన మాట మీద తాను నిలబడ్డాడా లేదా అన్నదే. మొదటి నుంచి చివరి దాకా బీచ్ కంటే రోడ్డే ముఖ్యమనేవాడు కూడా ఆ పరీక్ష సులువుగా నెగ్గుతాడు.

సరే, వెయిటేజీలు వదిలేద్దాం. డేటా చూడండి. ఉచితంగా దొరికే జెబ్‌కో అనే ప్రపంచ సముద్రాల లోతుల గ్రిడ్‌లో ఒక్కో గడి 15 ఆర్క్ సెకన్లు, అంటే భూమధ్యరేఖ దగ్గర సుమారు 450 మీటర్లు. మామూలు మెరీనా మొత్తం ఒకే గడిలో ఇమిడిపోవచ్చు! పైగా నేల ఎత్తు సగటు సముద్ర మట్టం నుంచి కొలుస్తారు, నావిగేషన్ చార్టుల్లో లోతులు ఎక్కువగా సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పటి అట్టడుగు మట్టం నుంచి ఉంటాయి. సరిచేయకుండా రెండూ అతికిస్తే, ఆటుపోట్లు పెద్దగా ఉన్నచోట మీటరుకు పైగా తేడా వస్తుంది. తీరరేఖ సంగతి ఇంకా ఘోరం. యాభై మీటర్లకు ఒక మీటరు వాలు ఉన్న బీచ్‌లో నీరు రెండు మీటర్లు పెరిగితే ఒడ్డు వంద మీటర్లు లోపలికి జరుగుతుంది. ఉపగ్రహం ఏ గంటకు ఫొటో తీసిందో చూడకుండా 'ఇదే తీరం' అని గీత గీస్తే ఎలా?

పొరలపటం:
ఇవన్నీ దిద్దుకోగల లోపాలే. మెరుగైన సర్వే లోతులు ఉంటే అవే వాడాలి. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో ఒక పిక్సెల్ 10 మీటర్లే, నీళ్లు తేటగా ఉంటే వాటి నుంచే లోతు అంచనా కట్టొచ్చు (నదీముఖాల దగ్గర బురద నీళ్లలో కుదరదు, ఒప్పుకుంటాను). తీరం కోతకు గురవుతోందా అంటే ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల పాత చిత్రాలు 1972 నుంచీ ఉన్నాయి. కోత ఎక్కువున్న చోట మార్కులు తగ్గిస్తే సరి.

ఇసుకలెక్క:
సరిపోదు. కోత లేయర్ చెప్పేది కట్టకముందు జరిగినది. మెరీనా కట్టాక జరిగేది వేరే కథ.

కాలిఫోర్నియాలో శాంటా బార్బరా సంగతి తీసుకోండి. 1920ల చివర్లో హార్బరు కోసం అక్కడ బ్రేక్‌వాటర్, అంటే అలలను ఆపే గోడ వేశారు. అలలతో పాటు పడమటి నుంచి తూర్పుకు నడిచే ఇసుక ఆ గోడ దగ్గర ఆగిపోయి హార్బరులో మేట వేసింది. తూర్పున ఉన్న బీచ్‌లకు ఇసుక అందక కోత పడింది. 1930ల నుంచి ఇసుక తవ్వి అవతలి బీచ్‌కి చేర్చే పని సాగుతూనే ఉంది. ఇప్పుడు చెప్పండి, ఈ నష్టం మీ మ్యాప్‌లో ఏ గడిలో కనిపిస్తుంది? ఏ గడి మార్కులు ఆ గడివే. కట్టేది ఒక గడిలో, తీరం తెగిపోయేది ఇంకో గడిలో. ఎంత మంచి డేటా తెచ్చి పోసినా ఈ కూడిక దాన్ని పట్టుకోలేదు. ఎందుకంటే నష్టం ఆ చోటు లక్షణం కాదు, మనం వేసే గోడ పొడవు, దిశ, ఆకారం నుంచి పుడుతుంది.

చిన్నపడవ:
ఇంకో లేయర్ కూడా లేదు. మ్యాప్‌లో ఖాళీ ఇసుక అనిపించిన చోట పడవలు ఒడ్డుకు లాగుతారు, వలలు ఆరేస్తారు. వాళ్లని అడగకుండా 'ఎవరూ వాడని తీరం' అని ఎలా రాస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

లంగరు:
చిన్నపడవ గారు చెప్పింది మ్యాప్ మీద గుర్తు పెట్టించుకోవచ్చు, పెట్టించాలి కూడా. ఇసుకలెక్క గారి ప్రశ్న నిజంగానే గట్టిది. కానీ వందల కిలోమీటర్ల తీరం మొత్తానికి అలలు, ఇసుక మోడల్ చేయడం ఎవరి వల్ల అవుతుంది? ఎక్కడో ఒకచోట వడపోత పెట్టాలిగా. మ్యాప్‌తో మూడు నాలుగు చోట్లు మిగుల్చుకుని, వాటికి మాత్రం స్వాన్ లాంటి అలల మోడల్, దానికి తోడు ఇసుక కదలిక లెక్క, ఫీల్డ్ సర్వే చేయించాలి. వద్దనడానికి మీ దగ్గర ఇంకేం ఉంది?

ఇసుకలెక్క:
వడపోతకైతే నాకూ అభ్యంతరం లేదు. మిగిలిన ప్రతి చోటుకీ రెండు పక్కలా ఇసుక ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో ఆ పరిధి మొత్తం చూడాలి, ప్లాటు హద్దులు కాదు. వెయిటేజీలు అటూఇటూ 20 శాతం మార్చినప్పుడు మొదటి చోటు మూడో చోటైపోతే, ఆ సంగతీ రిపోర్టు మొదటి పేజీలోనే రాయాలి. చాలా రిపోర్టుల్లో ఇది అనుబంధంలోనూ ఉండదు.

చిన్నపడవ:
ఆ మూడు నాలుగు చోట్లలో 'ఎక్కడా వద్దు' అన్నది కూడా ఉంటుందా? తీరం ఎంత పనికిరానిదైనా మ్యాప్‌లో ఏదో ఒక చోట పచ్చగానే ఉంటుంది కదా.

పొరలపటం:
రంగుల స్కేల్‌ని ఆ తీరంలోని కనిష్ఠ, గరిష్ఠ మార్కులకు సాగదీస్తే అలాగే వస్తుంది. 38 మార్కులే అత్యధికమైనా అదీ పచ్చగానే కనిపిస్తుంది. స్కేల్‌ని సున్నా నుంచి వంద దాకా అలాగే ఉంచి, ఎన్ని మార్కుల లోపు అయితే కట్టకూడదో లేయర్లు కలపకముందే రాసి పెట్టాలి. నేను వేసే మ్యాప్‌లకు ఇకపై ఆ గీత అడిగి తీసుకుంటాను. ఆ అంకె ఎవరు ఇవ్వాలి, పడవల వాళ్లా, కట్టేవాళ్లా? దాని మీద ఇంకో థ్రెడ్ పెట్టండి, ఇందులో తేలదు.