నెట్ అందని చోట పిప్‌తో సోర్స్ ప్యాకేజీ ఎలా ఎక్కించాలి?

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లె. మా బాబాయి రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో ఉబుంటు 24.04 ఉన్న పాత కంప్యూటర్ పెట్టాం. నీళ్లలో ఆక్సిజన్ రీడింగులు పైథాన్‌తో నమోదు చేసి, తెల్లవారుజామున తగ్గితే ఏరేటర్లు వేయమని అలారం మోగించాలి. ఆ వేళలో ఆలస్యమైతే పంటే పోతుంది, అదే నా టెన్షన్.

మొదట పిప్ (పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే టూల్) 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని ఆపేసింది. సిస్టమ్ పైథాన్ పాడవకుండా అలా ఆపడం సబబే. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ పనికి విడిగా ఉండే పైథాన్ చోటు) పెట్టాక ఆ గొడవ తీరింది.

షెడ్డులో సిగ్నల్ అంతంతమాత్రం. అందుకని భీమవరంలో విండోస్ ల్యాప్‌టాప్‌లో పిప్ డౌన్‌లోడ్‌కి ప్లాట్‌ఫామ్ మేనీలినక్స్2014 (లినక్స్‌కి సరిపడే రకం), పైథాన్ 3.12, ఓన్లీ-బైనరీ (ముందే కంపైల్ చేసినవే) అని చెప్పి ఫైళ్లు దింపి పెన్‌డ్రైవ్‌లో తెస్తున్నాను. నంపై, పాండాస్ లైబ్రరీలు నో-ఇండెక్స్, ఫైండ్-లింక్స్‌తో (నెట్‌కి వెళ్లకుండా ఫోల్డర్‌లోంచే తీసుకోమనే ఆప్షన్లు) చక్కగా ఎక్కాయి.

చిక్కంతా సెన్సర్ లైబ్రరీతోనే. దానికి వీల్ (ముందే తయారుచేసి ఉంచిన ప్యాకేజీ ఫైలు) లేదు, సోర్స్ టార్ ఫైలే ఉంది, అందులో కొంత సి కోడ్ కూడా. నో-డెప్స్‌తో (అది ఆధారపడే ప్యాకేజీలు వదిలేసి) దాన్ని తెచ్చి ఎక్కించబోతే, సెటప్‌టూల్స్ (సోర్స్ నుంచి ప్యాకేజీ తయారుచేసే టూల్) 40.8.0 లేదా ఆపై వెర్షన్ దొరకలేదని ఆగిపోతోంది. సెటప్‌టూల్స్ వీల్ అదే ఫోల్డర్‌లో వేస్తే చాలా, నో-బిల్డ్-ఐసొలేషన్ (విడి తాత్కాలిక చోటు లేకుండా ఇక్కడున్న టూల్స్‌తోనే తయారుచేయమనే ఆప్షన్) కూడా పెట్టాలా? లేక ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే సదుపాయం) ద్వారా ఉబుంటు 24.04 వేసి, పిప్ వీల్‌తో అక్కడే వీల్ తయారుచేసి తేవడం మేలా? రెండోది చేసినవాళ్లుంటే జీసీసీ (సి కంపైలర్), పైథాన్3-డెవ్ (పైథాన్ హెడర్ ఫైళ్లు) కాకుండా ఇంకేం కావాలో కూడా చెప్పండి.