ఎమిశాట్‌ను 'నిఘా నేత్రం' అనవచ్చా?

2019లో ఇస్రో పంపిన ఎమిశాట్ ఉపగ్రహం గురించి ఎక్కడ చదివినా 'ఆకాశంలో నిఘా నేత్రం' అనే రాస్తున్నారు. నాకు ఆ 'నేత్రం' మింగుడుపడటం లేదు. ఈ రకం ఉపగ్రహాలు ఫొటోలు తీయవు. రాడార్లు వదిలే తరంగాలను పట్టుకుంటాయి. ఒక్కో పల్స్ (తరంగాల చిన్న విడత) ఎంతసేపు ఉంది, ఎంత విరామంతో మళ్లీ వచ్చింది, ఏ ఫ్రీక్వెన్సీలో ఉంది అన్నవి కొలుస్తాయి. వాటిని బట్టే అది విమానాల కోసం వెతికే రాడారా, క్షిపణికి గురి చూపే రాడారా అన్నది తేలుతుంది. ఇదంతా చెవి చేసే పని.

పైగా 'నిఘా' అంటేనే చూపు. ఉర్దూ 'నిగాహ్' నుంచి వచ్చిందని మన పాతబస్తీ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మనకు 'వేగు' అనే చక్కటి మాట ఉంది. వేగులవాడు కన్నదీ చెబుతాడు, విన్నదీ చెబుతాడు. 'సంకేతాల వేగు' అంటే ఎలా ఉంటుంది? అందులోని పరికరం మన హైదరాబాద్ రక్షణ పరిశోధనశాల డీఎల్‌ఆర్‌ఎల్‌లో తయారైంది, పేరు 'కౌటిల్య'. గూఢపురుషుల గురించి అర్థశాస్త్రంలో అంత రాసినాయన పేరు పెట్టుకున్నాక, మనం వేగు అనడానికి వెనకాడటం దేనికి?

జవాబు: వేగు బాగుందండీ. కానీ ఇప్పటి పిల్లలకు వేగుచుక్కే గుర్తొస్తుంది. పోలీసుల నిఘా అంటే ఫోన్లు వినడం కూడా అనే అర్థం ఎప్పుడో స్థిరపడింది. అయినా వినడానికి అంత ఎత్తుకు ఎందుకు పంపాలి?

జవాబు: నిఘా ఉండనివ్వండి, నేత్రం తీసేద్దాం. ఎత్తు సంగతంటారా, రాడార్ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, భూమి గుండ్రం. నేల మీద ఉంటే దిగంతం అవతలివి అందవు. 748 కి.మీ. ఎత్తు నుంచి అయితే చుట్టూ దాదాపు 3,000 కి.మీ. మేర అందుతుంది. ధ్రువాల మీదుగా తిరుగుతుంటే కింద భూమి తనంతట తానే తిరిగి అన్ని చోట్లనూ చూపిస్తుంది... చూడండి, నా నోటా 'చూపు' మాటే వచ్చింది! ఈ అలవాటు అంత గట్టిది.

 

జవాబు: పేర్ల మాటకొస్తే, 1960లో అమెరికా పంపిన గ్రాబ్ అనే ఉపగ్రహం రష్యా రాడార్లను వినేది. పైకి మాత్రం సూర్యుడి మీద పరిశోధన అన్నారు. ఇస్రో కూడా ఎమిశాట్ పని 'విద్యుదయస్కాంత వర్ణపటాన్ని కొలవడం' అనే చెప్పింది. కాబట్టి ఈ పేరు మనమే పెట్టుకోవాలి. నా ఓటు వేగుకే.